‘ఆయనకి చెప్పబాకండి’

(కావలిలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. నాతో డ్యూటీలు చేసిన అక్కలు ఇద్దరు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళని చూస్తే నాకు ధైర్యంగా ఉంది.

సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి, "ఆరోగ్యం మీద ఏదన్నా చెప్పండమ్మా, బీపీ, షుగరు అలాంటివి" అన్నారు. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను నయంకాని జబ్బు గురించి, ఇక ఎక్కువ కాలం లేదని తెలిసిన మనిషి మనసు గురించి మాట్లాడతాను అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అన్నయ్య అట్టనే పోయినాడమ్మా. మాట్లాడండి" అన్నారు.

నేను 31 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేశాను. ఎక్కువ కాలం సర్జికల్ వార్డులోనే. అన్నేళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. స్కాన్ రిపోర్టు చేతికి రాగానే కొడుకో అల్లుడో నన్ను వరండాలోకి పిలుస్తాడు. గొంతు తగ్గించి, "సిస్టర్, నాయనకి చెప్పబాకండి. అల్సరని చెప్పినాం" అంటాడు. ఇంకొకరు గ్యాస్ అని చెప్పి ఉంటారు. ఇంకొకరు గడ్డే, కోసి తీసేస్తే పోతుందని చెప్పి ఉంటారు. నేను సరేనని తలూపేదాన్ని. లోపలికి వెళ్ళి ఆ పెద్దాయన బీపీ చూస్తూ, "ఏం కాదులే తాతా, పది రోజుల్లో లేచి తిరుగుతావు" అనేదాన్ని. అది దయ అనుకున్నాను. నా ఇంటికి వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

2016 ఆగస్టులో మా ఆయనకి కళ్ళు పచ్చబడ్డాయి. ఆయన ఆర్టీసీ డ్రైవరు, రిటైరయి ఏడాదిన్నర. కామెర్లని పల్లెలో ఎవరో పసరు పోస్తే తాగారు. నర్సునయ్యుండి నేనూ పది రోజులు ఊరుకున్నాను. తర్వాత పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళాం. క్లోమగ్రంథిలో క్యాన్సర్, పాంక్రియాస్ అంటారు కదా, అది. అప్పటికే లివర్‌కి పాకింది. కోసి తీసే దశ దాటిపోయింది. పైత్యరసం దిగే గొట్టానికి అడ్డం పడింది కాబట్టి స్టెంట్ అని చిన్న గొట్టం వేస్తాం, పచ్చదనం తగ్గుతుంది, దురద తగ్గుతుంది, అంతకుమించి కష్టం అన్నారు. ఆ మాట కారిడార్‌లో నాకొక్కదానికే చెప్పారు. నా నోట్లోంచి మొదట ఏం వచ్చిందో తెలుసా? "సార్, ఆయనకి చెప్పకండి."

రాయి అడ్డం పడిందండీ, తీసేశారు అని చెప్పాను. స్టెంట్ పనిచేసింది, కళ్ళు తెల్లబడ్డాయి, నాలుగు ముద్దలు తిన్నారు. దాంతో నా అబద్ధానికి బలం వచ్చింది. రిపోర్టుల ఫైలు తెచ్చి వంటింట్లో బియ్యం డ్రమ్ములో, బియ్యం కింద పెట్టాను. చుట్టాలు ఫోన్ చేస్తే పెరట్లోకి వెళ్ళి మాట్లాడేదాన్ని. పిల్లలిద్దరికీ చెప్పి, వాళ్ళ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. ఇంట్లో నలుగురం ఉన్నాం, ముగ్గురం నాటకం వేస్తున్నాం. పండ్లు కోసిచ్చి, మంచి మాటలు చెప్పి, లేచి పక్క గదిలోకి పోయేవాళ్ళం. ఆయన దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే బయటపడిపోతామని భయం. ఇది గమనించండి. చెప్పకూడదు అనుకున్న రోజు నుంచి మేం ఆయన దగ్గర కూర్చోవడం తగ్గించాం.

అక్టోబర్‌లో మొహర్రం వచ్చింది. నెల్లూరు రొట్టెల పండగ మీకు నేను చెప్పక్కర్లేదు, కోరిక తీరినవాళ్ళు వదిలే రొట్టెని అదే కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుని తింటారు. ఆరోగ్య రొట్టె పట్టిద్దామని కారు మాట్లాడుకుని ఆయన్ని తీసుకెళ్ళాను. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళు. తలమీద చెంగు కప్పుకుని నేను, లుంగీ ఎగ్గట్టుకుని నా భుజం పట్టుకుని ఆయన. చుట్టూ "చదువు రొట్టె, చదువు రొట్టె", "ఉద్యోగ రొట్టె ఎవరికమ్మా" అని కేకలు. నేను ఆరోగ్య రొట్టె వదిలేవాళ్ళ కోసం వెతుకుతున్నాను. ఒకామె దొరికింది. వాళ్ళబ్బాయికి గుండె ఆపరేషన్ బాగా జరిగిందట, రొట్టె వదలడానికి వచ్చింది. "ఇటు రండి" అని వెనక్కి తిరిగేసరికి ఆయన నా భుజం వదిలేసి ఇంకో నలుగురి అవతల నిలబడి ఉన్నారు. ఒక ముసలామె చేతిలోంచి రొట్టె తీసుకుని కళ్ళకద్దుకుంటున్నారు. పెళ్ళి రొట్టె.

నేను దగ్గరికి పోయి, "ఆరోగ్య రొట్టె ఇక్కడుందండీ" అన్నాను. ఆయన రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటూ, "అది నాకెందుకే ఇంక. అమ్మికి పెళ్ళి కావాల" అన్నారు.

ఆ నీళ్ళలోనే నిలబడి ఏడ్చాను. చుట్టూ అంతమంది జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను, ఎప్పటినుంచి తెలుసని. "చెన్నైలోనే తెలుసు. ఆ డాక్టరు మాట్లాడతా మాట్లాడతా నా మొహం చూడలా. నువ్వు లాడ్జీ బాత్రూములో కుళాయి తిప్పుకోని ఏడ్చినావు. రాయి తీసేస్తే ఎవురన్నా ఏడస్తారా?" అన్నారు. మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. "నువ్వు తట్టుకోలేవని" అన్నారు.

ఆయన్ని కాపాడుతున్నానని నేను, నన్ను కాపాడుతున్నానని ఆయన. రెండు నెలలు. ఆయనకి మిగిలిందే ఏడు నెలలు, అందులో రెండు అలా పోయాయి.

ఆ రాత్రి నుంచి మాట్లాడుకున్నాం. చావంటే భయమా అని నేనే ధైర్యం చేసి అడిగాను. చావంటే కాదు, నొప్పంటే భయం అన్నారు. మంచం మీద నీ చేత మలమూత్రాలు ఎత్తించుకోవడం భయం అన్నారు. ఒక స్నేహితుడికి 40 వేలు ఇవ్వాలి, కాగితం లేదు, నేను పోతే వాడు అడగలేడు, నువ్వే తీసుకెళ్ళి ఇవ్వాలి అన్నారు. ఆ 40 వేల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన నిద్రపట్టక అటూ ఇటూ దొర్లుతుంటే నేను నొప్పి అనుకుని మాత్రలు ఇచ్చేదాన్ని. అప్పు తీర్చి వచ్చిన రాత్రి నిద్రపోయారు. అమ్మాయి పెళ్ళి ఉగాది తర్వాత అనుకున్నాం. వియ్యపువారికి దాచకుండా చెప్పి మాఘమాసానికి ముందుకు జరిపాం. కుర్చీలో కూర్చుని కాళ్ళు కడిగి కన్యాదానం చేశారు. ఉగాదికి పది రోజుల ముందు పోయారు. నేను నాటకం ఆడుతూనే ఉండుంటే ఆ పెళ్ళి ఆయన చూసేవారు కాదు.

ఇంకొకటి. డిసెంబర్‌లో అనుకుంటా, "నన్నొకసారి డిపోకి తీసుకపో, తెల్లారుజామున" అన్నారు. మేమేమో హార్లిక్స్ అనీ, కొబ్బరినీళ్ళనీ, ఏసీ పెట్టిద్దామనీ చూస్తున్నాం. ఆయనకి కావలసింది వేరే. నాలుగున్నరకి శాలువా కప్పి ఆటోలో తీసుకెళ్ళాం. తొలి సర్వీసు ఇంజన్ స్టార్ట్ చేసి వేడెక్కడానికి వదిలేస్తారు కదా, ఆ చప్పుడు వింటూ సిమెంటు బల్ల మీద అరగంట కూర్చున్నారు. కుర్ర డ్రైవరొకాయన గుర్తుపట్టి టీ తెచ్చిచ్చాడు. రెండు గుక్కలే తాగారు. ఆ రోజంతా ఆయన మొహంలో కళ ఉంది.

మన నెల్లూరు తిక్కన గారు భీష్ముడి అంపశయ్య ఘట్టం రాశారు. అందరికీ తెలిసిన కథే. తల వేలాడుతోంది, తలగడ కావాలి అంటాడు భీష్ముడు. రాజులందరూ పరుగెత్తి మెత్తటి పట్టు తలగడలు తెస్తారు. వద్దంటాడు. అర్జునుడు మూడు బాణాలు నాటి తల నిలబెడతాడు. దాహమంటే మళ్ళీ రాజులు చల్లటి నీళ్ళు తెస్తారు, వద్దంటాడు. అర్జునుడే భూమిలోంచి నీళ్ళు రప్పిస్తాడు. చిన్నప్పటినుంచి ఆ కథని అర్జునుడి విలువిద్య గొప్పతనంగానే విన్నాను. ఇప్పుడు నాకు ఆ రాజులు గుర్తొస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఉన్నదాంట్లో మంచిదే తెచ్చారు. ఎలాంటి తలగడ కావాలి అని ఆ ముసలాయన్ని అడగలేదు, అంతే. మేం తెచ్చిన హార్లిక్సూ కొబ్బరినీళ్ళూ అలాంటివే.

ఇక కొంచెం శాస్త్రం చెప్పాలి. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అని ఒక డాక్టరమ్మ 1969లో ఐదు దశల సంగతి రాసింది. ముందు నమ్మరు, తర్వాత కోపం, తర్వాత బేరం, తర్వాత దిగులు, చివరికి ఒప్పుకోవడం. మా ట్రైనింగ్‌లో ఇది మెట్లలాగా చెప్పారు, ఒకటి ఎక్కాక ఇంకొకటి అన్నట్టు. అలా జరగదు. ఆవిడ కూడా తర్వాత అదే చెప్పింది, అందరికీ ఆ వరసలో రావాలని లేదని. మా ఆయన పొద్దున పెళ్ళి లెక్కలు రాసి, మధ్యాహ్నం "చెన్నై వాళ్ళు నా టెస్టు స్లైడ్లు మార్చేసుంటారేమో, ఇంకోచోట చూపిద్దాం" అని, సాయంత్రం కారం తక్కువైందని కంచం నెట్టేశారు. ఒక్క రోజులో. ఆ కోపం కూర మీద కాదని తెలిసినా నాకు బాధేసింది. నేనూ గట్టిగా అరిచాను. ఇద్దరం ఏడ్చి, మళ్ళీ కలిపి పెడితే తిన్నారు. కాబట్టి మీ ఇంట్లో రోగి నిన్న ఒప్పుకుని ఇవాళ మళ్ళీ కాదంటే, మనసు చెడిందని అనుకోకండి. అది మామూలే.

సిసిలీ సాండర్స్ అని ఇంకొకావిడ ఉంది. ఆవిడంటే నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే ఆవిడ ముందు నర్సు. నడుం నొప్పితో నర్సు పని చేయలేక ఆస్పత్రి సోషల్ వర్కర్ అయింది, తర్వాత చదివి డాక్టరయింది. 1948లో లండన్‌లో క్యాన్సర్‌తో చనిపోతున్న ఒక పోలండ్ యువకుడి దగ్గర ఈవిడ కూర్చునేది. నా అనేవాళ్ళు లేని మనిషి. చనిపోయేవాళ్ళ కోసం ఒక మంచి చోటు ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. అతను పోతూ 500 పౌండ్లు ఆవిడకి రాసి, మీరు కట్టే ఇంట్లో నేనొక కిటికీగా ఉంటానన్నాడు. ఆ ఇల్లు కట్టడానికి ఆవిడకి 19 ఏళ్ళు పట్టింది. 1967లో తెరిచారు. 2005లో ఆవిడ కన్నుమూసింది కూడా అక్కడే.

నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు అని ఆవిడ చెప్పింది. మనసు నొప్పి, ఇంటి సంగతుల నొప్పి, దేవుడితో తేలని నొప్పి, అన్నీ కలిసి ఒకే నొప్పిగా వస్తాయి. మా ఆయన 40 వేల నొప్పికి నేను మాత్ర ఇచ్చానని చెప్పాను కదా, అది ఇదే. ఇక దేవుడి సంగతి. "నేనేం పాపం చేసినానమ్మా" అని అడగని రోగి నాకు దాదాపుగా తగల్లేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు "కర్మ, అనుభవించాలి" అని పోతారు. దయచేసి ఆ మాట అనకండి. పుండు మీద కారం చల్లినట్టుంటుంది. దానికి నా దగ్గరా జవాబు లేదు. "నువ్వేం పాపం చేయలేదక్కా" అని చెయ్యి పట్టుకుని కూర్చుంటాను.

ఒంటి నొప్పి మాత్రం తగ్గించగలం, దాన్ని భరించమని ఎవరినీ అడగకూడదు. మార్ఫిన్ పేరు చెప్పగానే మన వాళ్ళు రెండు మాటలంటారు: అలవాటైపోతుంది, ఇచ్చారంటే ఇక అయిపోయినట్టే. రెండూ తప్పు. నొప్పి కోసం డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది వ్యసనం కాదు, చావుని ముందుకు తేదు. మామూలు మాత్ర అయితే నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేయాలి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి దానికి మందు మొదటిరోజు నుంచే ఇవ్వాలి. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండిస్తారు, దాన్నుంచే మార్ఫిన్ తీస్తారు. పంట మనది, నొప్పితో అరిచేదీ మన వాళ్ళే. 1985 మత్తుమందుల చట్టం వల్ల రకరకాల లైసెన్సులు కావాల్సొచ్చి ఆస్పత్రులు తెప్పించడమే మానేశాయి. 2014లో సవరణ చేసి సులువు చేశారు. అయినా చాలా చోట్ల దొరకదు. మా ఆయన కోసం నేను తిరగాల్సి వచ్చింది. అన్నీ తెలిసిన నర్సుని, నాకే అంత తిప్పలైతే, పామూరు అవతల పల్లె నుంచి వచ్చిన మనిషి గతి ఏంటి? అడగండి. గట్టిగా అడగండి. డాక్టర్ని, ఎమ్మెల్యేని, ఎవరినైనా. కేరళ వాళ్ళు నయంకాని రోగుల నొప్పి తగ్గించే సేవ కోజికోడ్‌లో 1993లో మొదలుపెట్టి ఊరూరా ఇరుగుపొరుగే రోగి ఇంటికి వెళ్ళేలా చేసుకున్నారు. 2008లో వాళ్ళ ప్రభుత్వం దానికి ఒక విధానమే తెచ్చింది. అక్కడా మనలాంటి మనుషులేగా ఉన్నారు.

తిండి సంగతి చెప్పకపోతే ఆడవాళ్ళు నన్ను క్షమించరు. మనకి ప్రేమంటే అన్నం పెట్టడమే. చివరి వారాల్లో రోగి తినడు. మనం "ఒక్క ముద్ద, నా కోసం" అని కుక్కుతాం. తినకపోవడం వల్ల చనిపోవడం లేదమ్మా, జబ్బు ముదిరి ఒళ్ళు మూసుకుంటోంది కాబట్టి తినడం లేదు. బలవంతంగా పెడితే పొలమారుతుంది, వాంతి అవుతుంది. అడిగింది అడిగినంత పెట్టండి. మా ఆయన చివర్లో అడిగింది మామిడికాయ వేసిన చేపల పులుసు. తినలేదు. వేలితో నాలుక మీద రాయించుకున్నారు, మూడుసార్లు. ఇక ఏదీ మింగలేని దశలో దూదిని నీళ్ళలో ముంచి పెదాలు తడపండి, కొంచెం వెన్న రాయండి. ఆయాసంగా ఉంటే మొహానికి తగిలేలా చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి, ఎంత హాయో రోగినడిగితే తెలుస్తుంది.

చివరి రోజుల్లో కాళ్ళు చేతులు చల్లబడతాయి, గొంతులో గురగురమని శబ్దం వస్తుంది, శ్వాస ఆగి ఆగి వస్తుంది. ఆ శబ్దం విని మనం భయపడతాం గానీ, రోగికి అప్పటికి అంత తెలివి ఉండదు. పక్కకి తిప్పి పడుకోబెడితే కొంత తగ్గుతుంది. చనిపోయిన అమ్మ వచ్చిందనీ, గుమ్మంలో ఎవరో నిలబడ్డారనీ అంటారు. కాదని వాదించకండి. "ఏమంటోంది అమ్మ?" అని అడగండి. చెవులు చివరిదాకా పనిచేస్తాయంటారు, కాబట్టి మంచం పక్కన నిలబడి దహనం సామాన్ల లెక్కలు మాట్లాడకండి. నేను విన్నాను, అందుకే చెబుతున్నాను.

వెంటిలేటర్ సంగతి. నయమయ్యే ఆశ లేనప్పుడు నన్ను మిషన్ల మీద పెట్టొద్దు అని మనిషి తెలివిలో ఉండగానే రాసి పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పింది. 2023లో పద్ధతి సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. నేను రాసి పెట్టాను. పిల్లలకి చూపించాను.

చూసుకునేవాళ్ళకి ఒక్క మాట. విసుగొస్తుంది. "త్వరగా పోతే బాగుండు" అని ఒక క్షణం అనిపిస్తుంది, వెంటనే నేనెంత పాపిష్టిదాన్ని అనిపిస్తుంది. ఆ రెండూ నాకూ అనిపించాయి. తెల్లవారుజామున మూడింటికి నాలుగోసారి దుప్పటి మార్చే మనిషికి అనిపించేదే అది. ఎవరితోనైనా బయటికి చెప్పుకోండి. ఎవరూ లేకపోతే మనసు బాధ చెప్పుకోవడానికి 14416 అని ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ నంబరుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకా ఉంది గానీ టైమయింది. ఎవరైనా ఏమన్నా అడగాలంటే అడగండి.

(వెనక వరస నుంచి ఒకాయన: "మేడం, మా అమ్మకి రొమ్ము క్యాన్సర్, ఎముకలకి పాకింది. మూడు నెలలైంది, చెప్పలా. మీరు చెప్పింది విన్నాక చెప్పాలనే ఉంది. పోయి ఏమని మొదలుపెట్టాల?")

కూర్చో నాయనా, కూర్చో. ముందు ఇది విను. పోయి చెప్పబాక. పోయి అడుగు. "అమ్మా, నీ ఒంటి సంగతి నీకేమనిపిస్తోంది?" అని అడిగి గమ్మున ఉండు. ఆమె ఏమీ అనకపోయినా లేవొద్దు. మన వాళ్ళు ఆ నిశ్శబ్దం భరించలేక ఏదో ఒకటి మాట్లాడేస్తారు, అక్కడే చెడుతుంది. "నాకు తెలుసులేరా" అని ఆమే అనొచ్చు. "నాకేంటి జబ్బు" అని అడగొచ్చు. అడిగితే, అడిగినంతే చెప్పు. మొత్తం రిపోర్టు చదవక్కర్లేదు. "నాకవన్నీ వద్దు, మీరే చూసుకోండి" అంటే ఆమె ఇష్టం, ఇక చెప్పొద్దు. కొందరికి తెలుసుకోవాలని ఉండదు, అదీ వాళ్ళ హక్కే. కానీ నువ్వు అడిగావని ఆమెకి గుర్తుంటుంది. ఇంకో నాలుగు రోజులకి తనే పిలుస్తుంది. నువ్వు ఏడిస్తే ఏడువు, ఏం కాదు, ఆమె నిన్ను ఓదారుస్తుంది. మూడు నెలలుగా ఆమెకి ఎవరినీ ఓదార్చే అవకాశం ఇవ్వలేదు మీరు.

ఏ వేళ కాస్త తేలిగ్గా ఉంటుంది ఆమెకి? పొద్దున కాఫీ తాగాకా? సరే అయితే. రేపు ఆ వేళకి నీ గ్లాసు కూడా తెచ్చుకుని ఆమె మంచం మీదే కూర్చో, కుర్చీ వేసుకోబాక. సెల్లు వంటింట్లో వదిలేసి పో.